పాతాళంలో పోస్టుమాన్

"చచ్చినోడు పెండ్లెట్ల చేసుకుంటాడప్పా?"

ఇన్‌స్పెక్టర్ రాఘవేంద్రప్రసాద్ ఈ ప్రశ్న వేయడం పొద్దున్నించి నాలుగోసారి. లాకప్పు ఊచల వెనక నిలబడ్డ దాసన్న నాలుగోసారీ అదే జవాబు చెప్పాడు.

"నాకేం తెల్సు సార్. చేసుకున్యాడు. నేను కండ్లారా చూసినా."

స్టేషనంతా గొల్లుమంది. రైటరు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వనివాళ్ళు ముగ్గురే. ఒకడు దాసన్న. రెండోది గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ అతని భార్య విశ్వాసమ్మ. మూడోది ఆమె పక్కనే కుర్చీ లాక్కుని కూచున్న జ్ఞానమణి.

జ్ఞానమణి కర్నూల్లో ప్రైవేటు డిటెక్టివు. పదేళ్ళపాటు బళ్ళో సైన్సు చెప్పి, పిల్లల అబద్ధాలు పట్టుకోవడంలో చెయ్యి తిరిగాక, ఆ విద్యనే నమ్ముకుని బోర్డు పెట్టింది. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులే. పిల్లవాడు తాగుతాడా, పిల్ల చదువు నిజమేనా, ఇట్లాంటివి. ఎప్పుడో ఒక అసలైన కేసు తగులుతుంది. తగిలినప్పుడల్లా అడ్డంగా రాఘవేంద్రప్రసాదూ తగులుతాడు. పోయిన ఏడాది ఎర్రగుంట్ల లారీ కేసులో ఆయన పట్టుకొచ్చిన దొంగ దొంగే కాదని తేల్చింది ఈవిడే. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు. ఈవిడ మరిచిపోనివ్వలేదు.

విశ్వాసమ్మ తెల్లవారుతూనే ఆమె తలుపు తట్టింది. ఇద్దరిదీ ఒకే చర్చి. "మణక్కా, మా ఆయప్ప ఇరవై ఏండ్లుగా ఆ శెట్టి కొట్లో మూటలు మోస్తాండాడు. ఒక్క గింజ ముట్టిందిలేదు. సాయంత్రం జడ్జి ముందర పెడ్తారంట. జైల్లోకి పోయినాడంటే మళ్ళా ఆ బజార్లో యెవురు పనిస్తారు? మాకు దిక్కెవురక్కా?" అని ఏడ్చింది. జ్ఞానమణి కాఫీ కూడా తాగకుండా బయలుదేరింది.

కేసు చూడబోతే చిన్నదే. పాతబస్తీలో నాగసుబ్బయ్య శెట్టికి కొట్టుంది, ముందు గదిలో ధాన్యం, వెనక గదిలో వెండి. కోమట్ల సంఘంవాళ్ళు ఇంటింటా పాత గ్లాసులూ కుంకుమ భరిణెలూ పట్టీలూ పోగుచేసి, అమ్మవారికి కిరీటం చేయించమని ఆయనకు అప్పగించారు. రేపు పొద్దున్నే గుళ్ళో సంఘమందరి ఎదుటా దాన్ని తూచి, ఇచ్చిన వెండికి సరిపోయిందనుకున్నాకే అమ్మవారికి పెట్టాలి. అది వాళ్ళ ఆనవాయితీ. నిన్న మధ్యాహ్నం రెండింటికి శెట్టి ఆ కిరీటాన్ని వెనక గది బీరువాలో పెట్టి, కొట్టు మూసి భోజనానికి పోయాడు. ఐదింటికి వచ్చి చూస్తే వేసిన తాళాలు వేసినట్టే ఉన్నాయి, కిరీటం మాత్రం లేదు. ఎదురింటి దర్జీ మూడింటిదాకా అరుగు మీదే మిషను తొక్కుతున్నాడు. అంతవరకూ ఎవరూ రాలేదన్నాడు. అంటే పోయింది మూడుకీ ఐదుకీ మధ్య.

కొట్టు తాళంచెవులున్నది ముగ్గురి దగ్గరే. బీరువా తాళంచెవి పటం వెనక ఉంటుందని తెలిసిందీ ఆ ముగ్గురికే. ఒకడు శెట్టి. రెండోవాడు కొట్టు చూసుకునే మేనల్లుడు మురళి. మూడోవాడు దాసన్న. సాయంత్రం ఆరయ్యేసరికి దాసన్నను లాకప్పులో వేశారు.

"దాసన్నా, మొదట్నించి చెప్పు. నిన్న మధ్యాన్నం యాడుండావు?" అంది జ్ఞానమణి.

"కల్లూరు రేకుల టాకీసులో ఉంటి అక్కా. మ్యాట్నీకి పోతి. పాతాళంలో పోస్టుమాన్."

ఆ సినిమా పేరు వినగానే జ్ఞానమణికి కూడా నవ్వొచ్చింది గానీ విశ్వాసమ్మను చూసి ఆపుకుంది. ముప్పై ఏళ్ళ కిందటి బొమ్మ అది. నిర్మాత ఒక పప్పుల వ్యాపారి. హీరో ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో టైంకీపరు. నెలరోజులు సెలవు పెట్టి హీరోగా చేసి, మళ్ళీ పోయి డ్యూటీలో చేరాడు. అందులో మహాసర్పాన్ని సైకిలు ట్యూబులతో చేశారు. రాక్షసుడి చేతికి గడియారం ఉంటుంది. రెండు సైన్యాల్లోనూ అవే నాలుగు మొహాలు, కాకపోతే అటు వాళ్ళకు మీసాలుంటాయి. మనవాడు హీరో అన్న అభిమానంతో ఏటా ఒకసారి కర్నూల్లోనూ కల్లూర్లోనూ వేస్తారు, జనం ఏటా పోయి విరగబడి నవ్వి వస్తారు.

"కథ చెప్పు."

"పోస్టుమాను బావిలో పడి పాతాళానికి పోతాడక్కా. ఆడ నాగకన్య ఉంటాది. ఇంతలోకే రాక్షసుడొచ్చి ఈయప్పను సంపేస్తాడు. చితి పేర్చి కాల్చేస్తారు. ఆ యమ్మ బొట్టు తుడుసుకుని ఏడుస్తాది. ఆ తర్వాత..." దాసన్న ఇన్‌స్పెక్టర్ వంక బెదురుగా చూశాడు. "ఆ తర్వాత పోస్టుమానుకూ ఆ యమ్మకూ పెండ్లయితాది. మంచి పాటుండాది. కడాకు చిలకై వచ్చి రాక్షసుని కండ్లు పొడుస్తాడు."

"వింటివా మేడం?" రాఘవేంద్రప్రసాద్ టేబులు మీద చరిచాడు. "రాత్రి ఆ సినిమా సీడీ తెప్పించి స్టేషనంతా చూసినాం. పెండ్లి ముందు. విశ్రాంతి. తర్వాత సావు. ఆ తర్వాత చిలక. ఈయప్ప సినిమాకు పోనేలేదు. యెవురి నోట్లోనో ఇన్న కథను తలకిందులు చేసి మనకు చెప్తాండాడు. దానికి తోడు ఇంటర్వెల్లో రెండు తూర్లు పోయి బజ్జీలు తిన్యాడంట! టికెట్టు ముక్క అడిగితే పారేసినా అంటాడు."

"నిజంగానే రెండు తూర్లు తిన్యా సార్," అన్నాడు దాసన్న దీనంగా.

మళ్ళీ నవ్వులు. అప్పుడే వచ్చి గోడవార బెంచీ మీద కూచున్న నాగసుబ్బయ్య శెట్టి మాత్రం విసుక్కున్నాడు. "సార్, ఇంగ ఏంటికి ఈ పంచాయితీ? తొందరగా జడ్జి దగ్గరికి పంపిచ్చేస్తే మా పని మేం చూసుకుంటాం గదా." ఆ పక్కనే కూచున్న మేనల్లుడు మురళి ముఖం పాలిపోయి ఉంది. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, రాత్రి నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మామా, దాసన్న చెయ్యలేదు. నేను చెప్పినా గదా," అన్నాడు మురళి.

జ్ఞానమణి అతని వైపు తిరిగింది. "నువ్వేం చెప్పినావు నాయనా?"

"నేనూ అదే మ్యాట్నీకి పోయింటి మేడం. బెంచీ క్లాసులో దాసన్నను చూసినా. షో అయ్యేదాకా ఆడనే ఉన్యాడు."

"కథ చెప్పు, చూద్దాం."

మురళి పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. పెళ్ళి, పాట, విశ్రాంతి, చావు, చితి, చిలక. ఎక్కడా తడబాటు లేదు. రాఘవేంద్రప్రసాద్ తల పంకించాడు.

"సినిమా చూసినోడు ఇట్ల చెప్తాడు మేడం. పాపం మంచి పిల్లోడు, పాత పనోడు గదా అని జాలితో వాని కోసరం చూసినా అంటాండాడు. అదొక్కటే వీడు చెప్పే అబద్ధం."

బళ్ళో ఉన్నప్పుడు జ్ఞానమణి గమనించిన సంగతి ఒకటుంది. హోంవర్కు చెయ్యనివాడు ఎప్పుడూ నమ్మేటట్టే చెప్తాడు, జ్వరమొచ్చిందనో కరెంటు పోయిందనో. మేక తినేసింది టీచర్ అని చెప్పినవాడి పుస్తకాన్ని నిజంగానే మేక తిని ఉంటుంది. అబద్ధం ఆడదలుచుకుంటే దాసన్న చచ్చినవాడికి పెళ్ళి ఎందుకు చేస్తాడు?

"జడ్జి ముందర ఎన్నింటికి పెడతారు సార్?"

"అయిదింటికి. నువ్వు ఆడా ఈడా తిరిగొచ్చినా అయిదింటికే."

"నాలుగున్నరకల్లా వస్తా. శెట్టిగారినీ మురళినీ ఈడనే ఉండమనండి," అని జ్ఞానమణి లేచింది.

"చచ్చినోన్ని గూడా ఎంటబెట్టుకు రా మేడం, సాక్ష్యం చెప్తాడు!" అని వెనకనించి కేకేశాడు ఇన్‌స్పెక్టరు.

షేరాటోలో ఏడుగురి మధ్య ఇరుక్కుని జ్ఞానమణి రేకుల టాకీసు చేరేసరికి మ్యాట్నీకి టికెట్లు ఇస్తున్నారు. ఆమె తిన్నగా క్యాంటీను దగ్గరికి పోయింది. క్యాంటీనంటే ఒక రేకు పందిరి, ఒక పొయ్యి, వరమ్మ. పొద్దున్నించి కాఫీ కూడా లేని కడుపు బజ్జీల వాసనకు ఊరుకోలేదు.

"నాలుగు బజ్జీలియ్యమ్మా. నిన్న దాసన్న అని ఒకాయన వచ్చినాడా? పొట్టిగా, తలగుడ్డ కట్టుకోనుంటాడు."

"తలగుడ్డలోళ్ళు ఇన్నూరు మందొస్తారు తల్లీ. నిన్న యెవురి మొగమూ చూసే తీరిక యాడిది? పిండి కలిపేదానికే సరిపోయె నాకు."

"జనం శానా వచ్చినారా?"

"జనం రోజూ వచ్చేంతే. నిన్న మ్యాట్నీకి ఇంటర్వెల్ రెండు తూర్లు ఇచ్చినారు గదా! ఒకతూరి తిని పోయినోళ్ళు రవ్వంత సేపటికి మళ్ళా వచ్చి నిలబడినారు. నాకు గుండె జల్లుమనె. తెచ్చుకున్న మిరక్కాయలన్నీ అయిపోతే చివరాకరికి వట్టి ఉల్లిగడ్డలే ముంచి ఇచ్చినా."

నోటి దాకా పోయిన బజ్జీ జ్ఞానమణి చేతిలోనే ఆగిపోయింది. "రెండు తూర్లా? ఏంటికిచ్చినారు?"

"నాకేం తెల్సు? నేనేమన్నా వద్దంటినా?"

జ్ఞానమణి మిగతా బజ్జీలు కాగితంలో చుట్టుకుని, ఇనుప మెట్లెక్కి ఆపరేటరు గదిలోకి పోయింది. ఆపరేటరు లాజరు ఆమెను చూసి బెంచీ తుడిచాడు. అతనిదీ అదే చర్చి, ఆదివారాల్లో హార్మోనియం వాయించేది అతనే.

"రండక్కా, ఏంది ఇట్ల వచ్చినారు?"

ఆమె జవాబు చెప్పకుండా గదంతా కలయజూసింది. ప్రొజెక్టరు ఒకటే. దాని పక్కన రీళ్ళ డబ్బాలు పెట్టుకునే ఇనుప అర. అందులో ఒకే ఒక పెట్టె ఉంది. మూత మీద తెల్ల రంగుతో పెద్దగా ఒకటి అని వేసుంది. అర మీద దుమ్ము లేని చోట్లు మాత్రం నాలుగు ఉన్నాయి.

"సినిమా అంతా ఈ ఒక్క పెట్టేనా లాజరూ?"

"నాలుగు పెట్టెలక్కా. ప్రింటు ఒకటే గదా, కర్నూల్లో ఒక టాకీసుకూ మాకూ కలిపి. వాళ్ళు గంట ముందు షో మొదలు పెడ్తారు. ఆడ ఒక పెట్టె అయిపోతానే ఆటోలో వేసి మాకు పంపిస్తారు. ఒకటో పెట్టె మేము ఆడిచ్చేలోపల రెండోది వస్తాది, ఆ తర్వాత మూడోది. ఎప్పుడూ ఇంతే."

"ఎప్పుడన్నా రాకపోతే?"

లాజరు ప్రొజెక్టరు అద్దాన్ని శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టాడు. "వస్తాదిలే అక్కా."

"నిన్న రెండు తూర్లు ఇంటర్వెల్ ఏంటికిచ్చినావు?"

అద్దం తుడిచే చెయ్యి ఆగింది. "యెవురు చెప్పినారు? అట్లాంటిదేమీ లేదు."

"లాజరూ, దాసన్న లాకప్పులో ఉండాడు. నిన్న మ్యాట్నీ చూసినా అని చెప్తే స్టేషనంతా నవ్వుతాండారు. ఇంగ రెండు గంటల్లో జైలుకు పంపిస్తారు. విశ్వాసమ్మ పొద్దున్నించి నీళ్ళు గూడా ముట్టలేదు. రేపాదివారం ఆ యమ్మ ముందర కూచుని నువ్వు హార్మోనియం ఎట్ల వాయిస్తావో నేను చూస్తా."

లాజరు బెంచీ మీద కూలబడ్డాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"రెండో పెట్టె తెచ్చే ఆటోకు దావలో పంచరైందంటక్కా. ఒకటో పెట్టె అయిపోయె. చేతిలో ఏమీ లేదు. కింద ఈలలు, కుర్చీలు ఎత్తుతాండారు. ఏం చేసేది? లైట్లేసి ఇంటర్వెల్ అనేసినా. అందరూ బజ్జీలకు పోయినారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి మూడో పెట్టె వచ్చె. అది యెవురో స్కూటరు మీద తెచ్చిచ్చినారు. రెండోది మాత్రం రాలేదు. ఇంగ ఆగితే టాకీసు కాలబెడ్తారని మూడోదే ఆడిచ్చినా. అది అయిపోయే యాలకు రెండోది వచ్చె. సరేలే అని దాన్నీ ఆడిచ్చేసినా. దాని కడాకు విశ్రాంతి అని అక్షరాలు పడతాయి గదా, అవి చూసి జనం మళ్ళా లేసి బయటికి పోయినారు."

"మూడో పెట్టెలో ఏముండాది?"

"పోస్టుమాను సావు, చితి."

"రెండో దాంట్లో?"

"పెండ్లి," అన్నాడు లాజరు. ఉన్నట్టుండి అతనికే నవ్వాగలేదు. "అక్కా, ప్రభువు మీద ఆన, ఒక్కడంటే ఒక్కడు అడగలేదు! కాలి బూడిదైనోడు లేసొచ్చి పాట పాడ్తాంటే ఈలలేసినారు. పోయేటప్పుడు ఒక ముసలాయప్ప నా చెయ్యి పట్టుకుని, ఈతూరి ఇంగా బాగుండాది అని చెప్పి పాయె!"

జ్ఞానమణి గోడకానుకుని కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆ కథ ఎట్లా వేసినా ఒకటేనని తీసినవాళ్ళకైనా తెలుసో లేదో. కళ్ళు తుడుచుకుని అడిగింది.

"ఫస్టు షో గూడా అట్లనే ఆడిచ్చినావా?"

"లేదక్కా. అది సరిగ్గానే పడింది. ఆ ఒక్క మ్యాట్నీనే. ఓనరుకు తెలిస్తే నన్ను తీసేస్తాడని యెవురికీ చెప్పలేదు."

"ఇన్‌స్పెక్టరు ఫోన్ చేస్తే ఇదే చెప్తావా?"

లాజరు ముఖం చిన్నబోయింది. అయినా తలూపాడు. "చెప్తా. ఉద్యోగం పోతే పోనీ, దాసన్న పోకూడదు."

జ్ఞానమణి బజ్జీల పొట్లం అతని చేతిలో పెట్టి మెట్లు దిగింది.

స్టేషన్లో చెప్పిన మాటకు కట్టుబడి అందరూ ఉన్నారు. జీపు గుమ్మం ముందుకు వచ్చింది. దాసన్న చేతికి బేడీ వేస్తున్నారు. విశ్వాసమ్మ ఆ బేడీ వంకే చూస్తోంది.

"దొరికినాడా మేడం, చచ్చినోడు?"

"దొరికినాడు సార్. కల్లూరు రేకుల టాకీసుకు ఒక ఫోన్ కొట్టండి. ఆపరేటరు లాజరు. నిన్న మ్యాట్నీలో ఏ పెట్టె తర్వాత ఏ పెట్టె ఆడిచ్చినాడో అడగండి."

రాఘవేంద్రప్రసాద్ నవ్వుతూనే ఫోన్ అందుకున్నాడు. ఫోన్లో ఆ గొంతు చెప్తున్నకొద్దీ ఆయన నవ్వు కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి మీసాల కింద ఎక్కడా కనపడకుండా పోయింది. రిసీవరు పెట్టేసి దాసన్న వంక చూశాడు.

"రెండు తూర్లు బజ్జీలు తిన్యావా నువ్వు?"

"పొద్దున్నించి అదే గదా సార్ మొత్తుకుంటాండా! రెండోతూరి ఉల్లిగడ్డవి ఇచ్చె ఆ యమ్మ."

"నిన్న ఆరింటి నించీ ఇతను మీ లాకప్పులోనే ఉండాడు సార్," అంది జ్ఞానమణి. "పెట్టెలు తారుమారైన సంగతి ఓనరుకే తెలీదు. ఆ మ్యాట్నీలో కూచున్నోనికి తప్ప ఆ కథ ఇంకెవురికీ రాదు. రెండో ఇంటర్వెలయ్యేసరికి నాలుగున్నర దాటింది. మొదటి దానికీ రెండోదానికీ ఆడనే ఉన్నోడు అయిదులోపల పాతబస్తీకి పోయి కిరీటం ఎట్ల తీస్తాడు?"

రాఘవేంద్రప్రసాద్ పెద్దమనిషే. ముఖం మాడినా చేత్తో బేడీ వైపు సైగ చేశాడు. బేడీ ఊడింది. విశ్వాసమ్మ భర్త మణికట్టు పట్టుకుని అక్కడే, అందరి ముందే, గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. కానిస్టేబుళ్ళు టోపీలు తియ్యాలో వద్దో తెలియక నిలబడ్డారు.

ఆమె ఆమెన్ అనేదాకా ఆగి జ్ఞానమణి మురళి వైపు తిరిగింది.

"ఇప్పుడు నువ్వు చెప్పు నాయనా. నిన్న నువ్వు ఎన్ని తూర్లు బయటికొచ్చినావు?"

మురళి తల దించుకున్నాడు.

"సరైన కథ చెప్పినావు. ఆ మ్యాట్నీలో సరైన కథ పడనేలేదు. అంటే నువ్వు టాకీసులో లేవు. రాత్రి సీడీ తెచ్చుకుని చూసినావు. నీ కోసరమైతే ఇంకేదైనా చెప్పుకునుందువు. దాసన్నను చూసినా అని చెప్పేదానికే చూసినావు. మూటలు మోసే మనిషి కోసరం శెట్టి మేనల్లుడు రాత్రంతా మేలుకుని అబద్ధం ఏంటికి బట్టీ పడ్తాడు?"

మురళి లేచి నిలబడ్డాడు. శెట్టి వైపు చూడలేదు, దాసన్న వైపే చూశాడు.

"నిన్న నేను కడపలో ఉంటి మేడం. రిజిస్ట్రారు ఆఫీసులో. మూడున్నరకు సంతకాలు పెట్టినాం. నేనూ, జీవితా."

"యే జీవిత?" అన్నాడు దాసన్న.

"నీ కూతురే మామా."

కడపలో నర్సు పని చేస్తున్న కూతురి పేరు వినగానే విశ్వాసమ్మ నేల మీదే చతికిలబడింది. దాసన్న మురళి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అంటే... మామ లాకప్పులో ఉంటే అల్లుడు ఇంట్లో కూచుని సినిమా చూస్తాంటివా?"

"నిన్ను విడిపిచ్చేదానికే చూసినా మామా! నేనూ చూసినా అంటే వదిలేస్తారనుకున్యా. ఆదివారం జీవితే వచ్చి మీకు చెప్తా అనింది, అంతదాకా యెవురికీ చెప్పొద్దనింది..." అంటూ మురళి వెక్కివెక్కి ఏడ్చేశాడు. తను సరైన కథ చెప్పబట్టే మామ ఇంకాస్త లోతుగా ఇరుక్కున్నాడని అతనికి అప్పటికి బోధపడింది. దాసన్న అతని వంక కాసేపు కోపంగా చూశాడు. తర్వాత తలగుడ్డ విప్పి అతని చేతికిచ్చాడు, ముఖం తుడుచుకోమని.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ!" నాగసుబ్బయ్య శెట్టి బెంచీ మీదనించి ఎగిరి లేచాడు. "నా కొట్లో హమాలీ కూతురా? నా చెల్లెలికి నేనేం చెప్పుకునేది? సార్, ఈ ఇద్దర్నీ కలిపి లోపలెయ్యండి! మామా అల్లుళ్ళు కూడబలుక్కుని నా కిరీటం..."

"ఒకాయన కల్లూర్లో, ఒకాయన కడపలో ఉన్యారు శెట్టిగారూ," అంది జ్ఞానమణి మెల్లగా. "రిజిస్ట్రారు సంగతి సార్ ఒక్క ఫోన్లో తేలుస్తారు. తాళంచెవి సంగతి ముగ్గురికే తెలుసని చెప్పింది మీరే గదా."

శెట్టి భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నాకొకటి అర్థం కావట్లేదు. రేపు పొద్దున సంఘమంతా చూస్తాండగా కిరీటాన్ని త్రాసులో పెట్టాలి. ఇంటింటా ఇచ్చిన వెండి అంతా అందులో ఉంటే పెట్టేదానికి యెవురికి భయం? అది తక్కువ తూగితే తలకాయ యాడ పెట్టుకోవాలో తెలియక, ఆ కిరీటమే లేకుండా చేసుకోవాల్సిన అవసరం ఈ ఇద్దర్లో యెవురికుండాది?"

నాగసుబ్బయ్య శెట్టి ఒకసారి గుమ్మం వైపు చూశాడు. అక్కడ జీపు డ్రైవరు అడ్డంగా నిలబడి ఉన్నాడు. నిదానంగా వెనక్కి జరిగి మళ్ళీ బెంచీ మీద కూచున్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

రాఘవేంద్రప్రసాద్ జ్ఞానమణి వంక ఒక్క క్షణం చూశాడు. తలుపు వేయమని కానిస్టేబుల్‌కు సైగ చేసి, కుర్చీ లాక్కుని, శెట్టి మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూచున్నాడు.

"చెప్పు శెట్టీ," అన్నాడు చాలా మర్యాదగా. "నిన్న మూడు నించీ అయిదు దాకా నువ్వు చూసిన సినిమా యేది?"